తట్టుకీ తట్టుకీ మధ్య

నాయుడు బాబాయ్ తుమ్మాడు.

అలాంటిలాంటి తుమ్ము కాదు. ముక్కుపొడుం చిటికెడు పట్టించి, కళ్లు మూసుకుని, మొహం పైకెత్తి, వరండా అంతా మారుమోగేలా తుమ్మాడు. సరిగ్గా అప్పుడే నూకరత్నం చేతుల్లో కేరేజీతో ల్యాబు గడప దాటబోతోంది. లేపిన కుడికాలు లేపినట్టే ఆగిపోయింది.

ఆగకూడదు. ఈ ఉద్యోగంలో చేరిన రోజు ఆమెకి నేర్పిన మొదటి మాట అదే. పరిగెత్తకు, ఊగకు, ఆగకు.

కేరేజీ అంటే అన్నం కేరేజీ కాదు, అందరూ అలా పిలుస్తారంతే. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా. లోపల చుట్టూ అయస్కాంతాలు, నడుమ బొటనవేలంత సీసా, సీసా నెత్తిన చిన్న పచ్చదీపం. సీసాలో ఉన్నది చక్కెర లాంటి మందు. దాన్ని ల్యాబులో వెలిగిస్తారు. వెలిగిన మందుని పిల్లల నరంలోకి ఎక్కిస్తే, మెదడులో ఏ మూల చక్కెర సరిగ్గా ఖర్చవడం లేదో స్కానులో కనిపిస్తుంది. ఫిట్స్ ఎక్కణ్ణించి పుడుతున్నాయో తెలిసిపోతుంది. కానీ ఆ వెలుగు నిలిచేది కాదు, క్షణక్షణానికీ కారిపోతూ ఉంటుంది. ల్యాబుకీ స్కాను గదికీ మధ్య అరవై రెండు అడుగుల వరండా. ఒంటిమీద ఇనుము ముక్క లేకుండా, డబ్బా తొణక్కుండా ఆ అరవై రెండు అడుగులూ వేసే మనిషి కోసం వెతికితే రత్నం దొరికింది. కంచరపాలెం కొండవాలు మీది ఇంటికి ఆరేళ్లుగా బిందెలు మోసిన నడుం ఆమెది. పుస్తెలూ మట్టెలూ కూడా ఇంట్లో తీసిపెట్టి, పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని డ్యూటీకొస్తుంది.

అన్నీ తెలిసీ ఆగింది. ఎందుకంటే ఎల్లుండి ఇదే గడపలోంచి, ఇదే కేరేజీ, తన కూతురి కోసం మొయ్యాలి. ఇవాళ్టిది ప్లాస్టిక్ తలకాయ బొమ్మ మీద చేసే పరీక్షే. అయినా ఎల్లుండి నడవాల్సిన దారిని ఇవాళే తొక్కుతున్నట్టనిపించింది. తుమ్మగా దాటేస్తే ఆ గడప మళ్లీ ఎల్లుండికి మంచిదవుతుందా?

"ఏటి బాబాయ్, ఇప్పుడేనా!" అంది.

"నా సేతులో ఉన్నాదేటమ్మా, ముక్కులో ఉన్నాది గానీ," అన్నాడు సన్యాసినాయుడు తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ. ముప్ఫై ఏళ్లు పోర్టులో కాపలా కాసి, ఇప్పుడీ వరండా గేటు దగ్గర కుర్చీ వేసుకున్న మనిషి. "కూకో. కూసింతసేపు కూకుని ఎల్లు. నానెవలికీ సెప్పన్లే."

రత్నం గడపకి ఇవతలే నేల మీద చతికిలబడింది. కేరేజీ ఒడిలో పెట్టుకుంది. నాయుడు ప్లాస్టిక్ సీసాలోంచి చేతిలో నీళ్లు పోస్తే మూడు గుక్కలు తాగింది. నూకాలమ్మ తల్లిని తలుచుకుంది. పిల్ల పేరు చెప్పుకుంది, ఎల్లుండి తారీఖు చెప్పుకుంది, మళ్లీ పిల్ల పేరు చెప్పుకుంది. అప్పుడు లేచి గడప దాటింది. దాటాక దీపం మీట నొక్కి ఆర్పడం రూలు. ఆర్పింది. అరవై రెండు అడుగులు నడిచింది.

ఆ చివర స్కాను గదిలో మెషీన్ చూసే ఇమ్మానుయేలు సారు కేరేజీ అందుకుని మెషీన్ గూట్లోకి తోశాడు. గూట్లో పడగానే మెషీన్ తనంతట తానే ఒక తట్టు తడుతుంది. సీసాలో ఇంకేమైనా మిగిలి ఉంటే దులిపేందుకు. ఆ తరవాత మందు ఎంత వెలిగిందో తెర మీద అంకె పడుతుంది. రోజూ పడే అంకె పందొమ్మిది.

ఇవాళ ఇరవై ఏడు పడింది.

ఇమ్మానుయేలు తెర వైపు చూశాడు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "మేడం!" అని అరిచిన అరుపుకి బయట నాయుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

*

వేదవల్లి మేడం పెద్ద సైంటిస్టు. జుట్టుకి రంగెయ్యదు, చీరకి పిన్ను పెట్టదు, మాట పెంచదు. ఇరవై రెండేళ్లుగా ఈ మందుతోనే కాపురం చేస్తోంది. తెర మీద అంకె చూసి ఆవిడ సంతోషించలేదు. ముఖం చిట్లించుకుంది.

"ఇరవై దాటకూడదు ఇమ్మానుయేల్. దాటిందంటే మెషీన్ అబద్ధం చెబుతోంది."

ఆ ఇరవై సంగతి రత్నానికి తెలుసు. చేరిన కొత్తలో, మధ్యాహ్నం బాక్సులు విప్పుకున్నప్పుడు, ఆవిడే చెప్పింది. మందులో ప్రతి అణువులోనూ ఒక కార్బనూ, దాన్ని ఆనుకుని రెండు హైడ్రోజన్లూ ఉంటాయి. మూడూ లోపల్లోపల గిర్రున తిరిగే బుల్లి బొంగరాలు. మామూలుగా వాటి తలలు తలో వైపూ ఉంటాయి. పచ్చదీపం పెడితే హైడ్రోజన్లు ఒక వైపుకి తిరిగి వరసగా నిలబడతాయి. అప్పుడు రేడియోతో ఒక తట్టు తడితే, ఆ వరసని కార్బన్‌కి అప్పగించేస్తాయి. స్కానులో వెలిగేది కార్బనే.

"ఇచ్చేవి రెండున్నప్పుడు కార్బన్‌కి రెట్టింపు రావాల కదా మేడం?" అని అడిగింది రత్నం. ఇంటర్ మొదటి ఏడాదిలోనే పెళ్లి చేసేశారు గానీ, లెక్కల్లో ఆమెకి మంచి మార్కులే వచ్చేవి.

"రాదు. రెండు కలిసి ఇచ్చినా ఒకటి ఇచ్చినంతే చేరుతుంది. మూడోది ఉంటే మాత్రం ఇంకో సగం పెరుగుతుంది. కానీ మూడు హైడ్రోజన్లున్న మందు దారిలోనే కారిపోతుంది."

"ఇదెక్కడి న్యాయం?"

"న్యాయం కాదమ్మా, లెక్క. ఎలా తట్టు, ఎన్ని రకాలుగా తట్టు, ఆ హద్దు మీరదని రుజువుంది. మన మందుకి ఆ హద్దు ఇరవై."

రత్నం పెరుగన్నం కలుపుతూ ఆలోచించింది. "మా అత్తా నేనూ చెరో పక్కన కూకుని ముద్దలు పెట్టినా, పిల్లకి ఉన్నది ఒక్క నోరే. అలగా?"

వేదవల్లి నవ్వింది. "దాదాపు అలాగే."

అప్పుడు రత్నానికి కూడా నవ్వొచ్చింది. ఆ ఇరవై తన కూతురి నెత్తిమీద కూర్చుంటుందని అప్పటికి తెలీదు. మోక్షితకి మూడున్నరేళ్లు. ఏడాదిన్నర వయసు నుంచి ఫిట్స్. ఏ మందూ పని చెయ్యలేదు. ఆపరేషన్ డాక్టరు గోడ మీద బొమ్మ చూపించి చెప్పాడు. "రోగం పుట్టే చోటు సరిగ్గా చూపిస్తే గోరంత ముక్క తీస్తాను. మసకగా కనిపిస్తే అరచేయంత తియ్యాలి. పాపకి మాట ఉండేది ఆ అరచేతిలోనే. ఆవగింజంత మచ్చ తేటగా కనబడాలంటే మీ మేడం మందు ముప్ఫై అంకె వెలగాలి." ఎల్లుండి బుధవారం స్కాను, శుక్రవారం ఆపరేషన్. పిల్లకి మత్తిచ్చి స్కాను తియ్యడం ఒక్కసారే. ఆపరేషన్ మత్తు కాక, స్కాను కోసం ఇంకోసారి మత్తిస్తే ఆ తల తట్టుకోదన్నాడు.

ముప్ఫై కావాలి. లెక్క ఇరవై దగ్గరే గీత గీసింది. ఇవాళేమో ఇరవై ఏడు.

ఆ మధ్యాహ్నం మళ్లీ మూడుసార్లు మందు వెలిగించారు. రత్నం మూడుసార్లూ రూలు ప్రకారం ఆగకుండా నడిచింది. పందొమ్మిది, పందొమ్మిది, పద్దెనిమిది.

"ఒక్కసారొచ్చి పోయిందంటే ఏదో కనెక్షన్ వదులైందని మేడం," అన్నాడు ఇమ్మానుయేలు నీరసంగా.

వేదవల్లి తెర మీది అంకెలు ఇంకోసారి చూసుకుంది. తరవాత తిరిగి, "రత్నం, పొద్దున దారిలో ఏమైనా అయ్యిందా? తొణికిందా? తడబడ్డావా?" అంది.

ఆగానంటే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఎల్లుండి కేరేజీ పట్టేదెవరు? పిల్ల వంతు వెనక్కిపోతే?

"ఏటీ అవ్వలేదు మేడం. రోజూలాగే వచ్చీసేను."

*

"అమ్మా, కేరేజీలో ఏటి కూర?"

సాయంత్రం ఇంటికొచ్చిన రత్నాన్ని మోక్షిత రోజూ అడిగే ప్రశ్న ఇదే. ఫిట్స్ లేనంతసేపూ ఆ నోటికి మూత ఉండదు. చీమలకి అమ్మలుంటారా? చందమామకి జలుబు చేస్తుందా? నాన్న క్రేను ఎక్కితే దేవుడు కనిపిస్తాడా? వీధిలో వాళ్లు దాన్ని రేడియో అంటారు.

"వంకాయ కూర," అంది రత్నం.

"అబద్ధం. నిన్న కూడా వంకాయే అన్నావు."

రత్నం ఉల్లిపాయ తరుగుతూ వేలు తెగ్గోసుకుంది. పాలు పొయ్యి మీద పెట్టి పొంగబెట్టింది. బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. పైడిరాజు పోర్టు నుంచి వచ్చి పెళ్లాం వాలకం చూసి, తుడుచుకుంటున్న తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"ఏటయ్యింది?"

చెప్పింది. తుమ్ము సంగతీ, కూర్చోవడం సంగతీ, ఇరవై ఏడు సంగతీ, ఆడిన అబద్ధం సంగతీ.

"నువ్వు కూకున్నందుకే పెరిగిందంటావా?"

"నాకేటి తెలుసు? కారిపోయే మందుని కూకోబెడితే తగ్గాల గానీ పెరగడమేటి?"

"అయితే చెప్పకు. ఎల్లుండి మళ్లీ కూకో. పెరిగితే పెరుగుతాది."

"పెరక్కపోతే? తగ్గిపోతే?" అంది రత్నం. "వాళ్లు చదువుకున్నోళ్లు. ఎందుకు పెరిగిందో వాళ్లకి తెలిస్తే ముప్ఫై చేస్తారేమో. చెప్పకపోతే నాదొక్క తుమ్మే మిగుల్తాది."

"మరింకేటి? చెప్పీ."

రత్నం భయం ఉద్యోగం గురించి ఒక్కటే అయితే చెప్పేసేదే. దాని అడుగున ఇంకోటుంది. మూడు వారాల కిందట గజపతినగరం నుంచి దేముడమ్మ అనే ఆవిడ తన కూతురు లిఖితని తెచ్చింది. ఆరేళ్ల పిల్ల, ఇదే జబ్బు. ఆ రోజూ రత్నమే కేరేజీ పట్టింది. ఆ రోజూ నాయుడు బాబాయ్ తుమ్మాడు.

ఆ రోజు ఆగలేదు. రూలు రూలే అనుకుని చక్కగా నడిచేసింది. పందొమ్మిది పడింది. మచ్చ మసకగా అలుక్కుపోయినట్టొచ్చింది. అరచేయంత తీశారు. లిఖితకి ఫిట్స్ పోయాయి, మాటా పోయింది. నేర్పించుకుంటే మెల్లగా వస్తుందన్నారు.

ఊళ్లో పిల్లకి ఆగని కాలు తన పిల్లకి ఆగింది. ఆ మాట మొగుడికి కూడా చెప్పలేకపోయింది.

మోక్షిత వచ్చి ఒళ్లో పడింది. "అమ్మా, నీ వేలుకి ఏటయ్యింది? రత్తం రత్తం. ఊదనా?"

*

మంగళవారం పొద్దున్నే రత్నం మేడం గది తలుపు తోసుకుని వెళ్లింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిన్న అబద్ధం చెప్పేను మేడం. గడపలో ఆగిపోయేను. బాబాయ్ తుమ్మితే కూకున్నాను. నీళ్లు తాగి వెళ్లేను."

వేదవల్లి పెన్ను కింద పెట్టింది. కోప్పడుతుందని రత్నం తల వంచుకుంది. ఆవిడ అడిగింది వేరు. "దీపం?"

"ఏ దీపం మేడం?"

"కూర్చున్నప్పుడు పచ్చదీపం వెలుగుతోందా, ఆర్పావా?"

"దాటలేదు కదా మేడం. వెలుగుతూనే ఉన్నాది."

వేదవల్లి లేచింది. కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఆవిడ అలా కాలు నిలవకుండా తిరగడం రత్నం ఎప్పుడూ చూడలేదు.

"ఇమ్మానుయేల్! గడియారం తీసుకురా. నాయుడుగారిని పిలు."

పావుగంటలో నలుగురూ గడప దగ్గర చేరారు. రత్నం నిన్న కూర్చున్నట్టే కూర్చోవాలి, తాగినట్టే తాగాలి, అనుకున్నవన్నీ అనుకోవాలి. ఇమ్మానుయేలు సమయం కొలుస్తాడు.

"నాయుడుగారూ, మీరు తుమ్మండి," అంది వేదవల్లి.

నాయుడు చేతులు కట్టుకున్నాడు. "ఆడరేస్తే వచ్చీది కాదు మేడం."

"పొడుం పీల్చు బాబాయ్," అన్నాడు ఇమ్మానుయేలు.

"రోజూ ఆసుపత్రిలో పొడుమేటని తిడతావు కదయ్యా. ఇయాల పీల్చమంటావా?" అని దర్జాగా డబ్బీ తీశాడు. పీల్చాడు. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. తుమ్ము రాలేదు. "సూసేరా? అందరూ సూత్తంటే దానికి సిగ్గు."

తుమ్ము లేకుండానే రత్నం కూర్చుంది. మూడు గుక్కలు, నూకాలమ్మ తల్లి, పిల్ల పేరు, తారీఖు, పిల్ల పేరు. గడియారం నలభై ఒక్క సెకన్లు చూపించింది. తరవాత నిజం మందుతో చేశారు. ఇరవై ఏడు.

వేదవల్లి గోడకి ఆనుకుని నిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని ముఖం.

"హద్దు దాటలేదు రత్నం. హద్దు ఒక్క తట్టుకి. ఒకసారి ఇచ్చేశాక హైడ్రోజన్ల దగ్గర ఏమీ మిగలదు, ఇంకెన్నిసార్లు తట్టినా రాలిపడేదేమీ ఉండదు. మేం ఇన్నాళ్లూ ఆ ఖాళీ చేతుల్నే తట్టి తట్టి చూశాం. నువ్వు కూర్చున్న నలభై సెకన్లూ దీపం వాటిని మళ్లీ నింపింది. మెషీన్ చివర తట్టే తట్టుకి అవి మళ్లీ ఇచ్చాయి. ఇది పుస్తకాల్లో లేని సంగతేం కాదు. కార్బన్ కారిపోతోంది, కారిపోతోంది అనే తొందరలో, ఇచ్చేవాటిని కాసేపు కూర్చోనివ్వాలని మాకెవరికీ తోచలేదు."

"మరి ఇంకోసారి కూకుంటే?" అంది రత్నం.

"ఇంకొంచెం పెరగాలి. కానీ కూర్చున్నంతసేపూ కార్బన్ కారుతూనే ఉంటుంది. మూడోసారికి వచ్చేదీ పోయేదీ సమానమైపోతుంది. రెండుసార్లే."

ఇమ్మానుయేలు సాయంత్రంలోపు కేరేజీకే చిన్న తట్టు మీట బిగించాడు. కూర్చోవడం, తట్టు, మళ్లీ కూర్చోవడం, నడక, మెషీన్ తట్టు. మనిషెందుకని కేరేజీని బల్ల మీద పెట్టి చూశాడు. ఇరవై నాలుగు. నేల మీద పెట్టాడు. ఇరవై మూడు. బల్లకి ఇనప కాళ్లు, నేలలో ఇనప చువ్వలు. బొంగరాల వరస వాటికి చెదిరిపోతోంది. రత్నం ఒడిలో పెట్టి చూశారు.

ముప్ఫై ఒకటి.

"మనిషి ఒడిలో ఇనుము లేదు," అంది వేదవల్లి, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. తరవాత రత్నం వైపు చూసింది. "రేపు వేరే ఎవరికైనా నేర్పిస్తాను. నువ్వు పాప దగ్గరుండు. మత్తిచ్చేటప్పుడు తల్లి ఉండాలి."

"ఎవరికి నేర్పుతారు మేడం, ఒక్క పూటలో?"

వేదవల్లి కేరేజీని రత్నం ఒడిలోనే ఉండనిచ్చింది.

*

బుధవారం పదకొండింటికి మోక్షితని తండ్రి ఎత్తుకుని స్కాను గదిలోకి తీసుకెళ్లాడు. రత్నం ల్యాబులో ఉంది. అరవై రెండు అడుగుల అవతలి నుంచి కూతురి గొంతు వినబడుతూనే ఉంది.

"నాన్నా, అమ్మేది? అమ్మ కేరేజీ తెస్తాదా? ఈ లైటుకి రెక్కలెందుకు? అక్కా, నీ సూది నాకొద్దు. అమ్మేది? అమ్మా! అమ్మా!"

ల్యాబు మెషీన్ మొదటి తట్టు తట్టింది. సీసా కేరేజీలోకి దిగింది. రత్నం దాన్ని రెండు చేతులా అందుకుని గడప ముందుకొచ్చి నిలబడింది. కాళ్లు పరిగెత్తమంటున్నాయి.

"కూర్చో," అంది వేదవల్లి.

కూర్చుంది. ఒడిలో కేరేజీ వెచ్చగా ఉంది. నాయుడు పొడుం డబ్బీ ఇంట్లో వదిలేసి వచ్చానని పొద్దుటే చెప్పాడు. ఇప్పుడు తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని రాయిలా నిలబడ్డాడు.

ఒకటి, రెండు, మూడు.

"అమ్మా! అమ్...మా..."

అవతల గొంతు నీరసపడింది. పన్నెండు, పదమూడు. ఒక గొణుగుడు. పద్దెనిమిది. ఇంకేం లేదు.

ఆ పిల్ల అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. నిద్దట్లో కూడా ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది. లేవాలి. వెళ్లాలి. ఆ నోటి మీద చెయ్యి పెట్టి చూడాలి. మాట లేకపోవడం అంటే ఇలాగే ఉంటుంది కాబోలు. ఇల్లంతా ఇలాగే ఉంటుంది. దేముడమ్మ ఇంట్లో మూడు వారాలుగా ఇలాగే ఉంది.

ఇరవై తొమ్మిది, ముప్ఫై. చేతులు వణికితే కేరేజీ తొణుకుతుంది. మోచేతులు డొక్కలకి నొక్కిపెట్టుకుంది. పెళ్లయిన ఈ ఆరేళ్లలో పగటిపూట నలభై సెకన్లు ఊరికే కూర్చున్న గుర్తు లేదు ఆమెకి. కూర్చోవడం ఇంత బరువా?

నలభై ఒకటి. మీట నొక్కింది. లోపల తట్టు పడిన చప్పుడు కూడా రాలేదు.

"ఇంకోసారి," అంది వేదవల్లి మెల్లిగా. ఆవిడ కూడా వచ్చి రత్నం పక్కన నేల మీద కూర్చుంది. ముట్టుకోలేదు. ఊరికే కూర్చుంది.

ఒకటి, రెండు.

రెండో నలభై ఒకటి మొదటిదానికన్నా పొడుగ్గా ఉంది. ముప్ఫై దాటాక రత్నం లెక్క తప్పింది. ముప్ఫై నాలుగా, ముప్ఫై ఆరా? పక్కనుంచి వేదవల్లి గొంతు, "ముప్ఫై ఆరు," అంది. "ముప్ఫై ఏడు," అంది రత్నం. మిగిలినవి ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు.

లేచింది. గడప దాటింది. దీపం ఆర్పింది. పరిగెత్తలేదు, ఊగలేదు, ఆగలేదు.

ఇమ్మానుయేలు కేరేజీ గూట్లోకి తోశాడు. సిరంజి కదిలింది. గాజు అద్దం అవతల తెల్లటి గొట్టంలోంచి మోక్షిత పాదాలు రెండు బయటికి కనిపిస్తున్నాయి. రత్నం తెర వైపు చూడలేదు, ఆ పాదాల వైపే చూస్తూ నిలబడింది.

"ముప్ఫై," అన్నాడు ఇమ్మానుయేలు. తరవాత, "ముప్ఫై పాయింట్ రెండు."

ఆపరేషన్ డాక్టరు తెర మీదకి వంగాడు. నల్లటి బొమ్మలో మెదడంతా మెల్లగా పచ్చబడింది. ఒక్క చోట, చెవికి కొంచెం పైన, ఆవగింజంత చీకటి అలాగే ఉండిపోయింది. అంచులు సూదితో గీసినట్టున్నాయి.

"గోరంత కూడా అక్కర్లేదు," అన్నాడు డాక్టరు.

పైడిరాజు గోడ వైపు తిరిగిపోయాడు. రత్నం మాత్రం, "మేడం, ఇప్పుడు నేను పాప దగ్గరికి వెళ్లొచ్చా?" అని అడిగింది.

*

నెల గడిచింది. గడప దగ్గర ఇప్పుడు చెక్క స్టూలు ఒకటుంది, మేకు లేకుండా చేయించింది. రూలు కూడా మారింది. రెండుసార్లు కూర్చో, ఆ తరవాతే ఆగకుండా నడు. మోక్షిత తలకి ఒక పక్క జుట్టు ఇంకా మొలక వేస్తూనే ఉంది. ఫిట్స్ మళ్లీ రాలేదు. పరీక్షలకని తెచ్చిన రోజుల్లో నాయుడు కుర్చీ పక్కన నిలబడి ఆయన ప్రాణం తీస్తుంది. పొడుం ఎందుకు నల్లగా ఉంటుంది? తుమ్ము ముక్కులోనే ఎందుకు వస్తుంది, చెవిలో ఎందుకు రాదు?

ఒక రోజు దేముడమ్మ లిఖితని తీసుకుని వచ్చింది. మాట నేర్పే క్లాసుకి వారానికోసారి వస్తున్నారు. పిల్ల శుభ్రంగా ఉంది, రెండు జడలు వేసుకుంది. చూపు చురుగ్గా ఉంది. పెదవులు మాత్రం కదలవు.

అంతకుముందు వాళ్లని దూరం నుంచి చూసి రత్నం రెండుసార్లు తప్పించుకుంది. మూడోసారి తప్పించుకోలేదు. స్టూలు దగ్గరికి పిలిచింది. నిలబడే చెప్పింది. తుమ్ము, గడప, ఇరవై ఏడు, ముప్ఫై. ఏదీ దాచలేదు.

"మీ పిల్లప్పుడూ బాబాయ్ తుమ్మేడు. అప్పుడు నేను ఆగలేదు, నడిచీసేను. నా పిల్లకైతే ఆగిపోయేను." స్టూలు అంచు పట్టుకుంది. "మీకు చెప్పకుండా ఉండలేకపోతన్నాను."

"నీకు తెల్దు కదా," అనలేదు దేముడమ్మ. "పోన్లే" అని కూడా అనలేదు. కూతురి జడ చివర రిబ్బను సరిచేసింది. పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. అప్పుడు అడిగింది.

"ఎంతసేపు కూకున్నావు?"

"నలభై ఒకటి లెక్కపెట్టేదాకా."

"అంతేనా?"

"అంతే."

దేముడమ్మ స్టూలు మీద కూర్చుంది. లిఖితని లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. కూతురి మొహాన్ని తన మొహానికి ఎదురుగా తిప్పుకుంది. "ఒకటి," అంది, పెదవులు పెద్దగా కదిపి. "రెండు."

లిఖిత తల్లి నోటినే చూస్తోంది.

రత్నం కాళ్లు పారిపొమ్మంటున్నాయి. కదల్లేదు. పది. పదిహేను. వరండా ఆ చివర నుంచి మోక్షిత గొంతు వచ్చింది. "అమ్మా! కేరేజీలో ఏటి కూర? అమ్మా! వినబడ్డం లేదా? అమ్మా!" నాయుడు ఆ పిల్ల నోటి మీద వేలు పెట్టాడు. ఇరవై రెండు. రత్నం జవాబివ్వలేదు. ముప్ఫై.

"నలభై. నలభై ఒకటి."

లిఖిత పెదవులు మూసే ఉన్నాయి. దేముడమ్మ లేస్తుందనుకుంది రత్నం. ఆవిడ లేవలేదు. కూతురి గడ్డం కింద రెండు వేళ్లు ఆనించి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టింది.

"ఒకటి."

రత్నం వాళ్ల కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. "రెండు," అంది దేముడమ్మతో పాటు.